17 ఇంటర్వ్యూలు, ఒక అనామతు ఖాతా

మా పిన్ని కొడుకు బీకాం ఆఖరి ఏడాదిలో ఉన్నాడు. మొన్న ఆదివారం మా ఇంటికి వచ్చి, అమ్మ వేసిన గారెలు తింటూ, "అక్కా, ఉద్యోగం రావాలంటే ఎన్ని ఇంటర్వ్యూలకు వెళ్లాలి?" అన్నాడు. ఆర్టీసీ కాంప్లెక్సు బస్సు ఎన్నింటికి అని అడిగినంత మామూలుగా అడిగాడు. నేను వెంటనే "పదిహేడు" అన్నాను. ఒక్క క్షణం ఆగి, "కాదు, పన్నెండు" అన్నాను. వాడు గారె పళ్లెంలో పెట్టి నా ముఖంలోకి చూశాడు. లెక్కలు రాసి బతికే మనిషి ఒకే ప్రశ్నకు రెండు అంకెలు చెప్పడం వాడికి నచ్చినట్టు లేదు. చివరికి బీరువాలోంచి పాత నోటుపుస్తకం తీయాల్సి వచ్చింది. అందులో ఉన్నదే ఇక్కడ రాస్తున్నాను.

2023 జూలై దాకా విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో మూడేళ్లు పనిచేశాను. నెలకు 13,500. ఆ ఏడాది ఆదాయపు పన్ను రిటర్నుల గడువు జూలై 31 కదా, ఆ హడావిడి ముగిసిన వారంలోనే ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, ఆరోగ్యం బాగోవడం లేదని, కొడుకు దగ్గరకు బెంగళూరు వెళ్లిపోతున్నానని చెప్పారు. మంచి మనిషి. నెల జీతం అదనంగా ఇచ్చి, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ మీద తానే సంతకం చేసి, "నీకు పది రోజుల్లో ఉద్యోగం దొరుకుతుందమ్మా" అని దీవించి పంపారు. ఆ పది రోజులు దాదాపు ఆరు నెలలు పట్టాయి.

పని పోయిన మర్నాడే గాజువాకలో ఒక పొడుగాటి నోటుపుస్తకం కొని గళ్లు గీశాను. క్రమసంఖ్య, తేదీ, ఎక్కడ, దారి ఖర్చు, ఏమడిగారు, ఫలితం. ఫలితం గడిలో వచ్చింది, రాలేదు అని రెండే మాటలు రాయాల్సి వస్తుందని అప్పటి నా నమ్మకం. మూడో ఇంటర్వ్యూకే ఆ గడి సరిపోలేదు. "మేమే ఫోన్ చేస్తామండి" అన్న మాటను ఏ మాట కింద రాయాలి? వచ్చిందనడానికి లేదు, రాలేదనడానికి మనసు ఒప్పదు. ఇంటర్లో మాకు సీఈసీ తెలుగు మీడియంలో చెప్పారు. అంకణాలో, అంటే ట్రయల్ బ్యాలెన్సులో, డెబిట్, క్రెడిట్ మొత్తాలు సరిపోకపోతే, తప్పు దొరికేదాకా ఆ తేడాను తాత్కాలికంగా అనామతు ఖాతాలో పెట్టాలని మా మాస్టారు చెప్పిన పాఠం గుర్తొచ్చింది. ఇంగ్లీషులో సస్పెన్స్ అకౌంట్ అంటారు. పుస్తకం వెనక పేజీలో అలాంటి ఖాతా ఒకటి తెరిచాను.

మొదటి ఇంటర్వ్యూ ఆగస్టు 9న, డాబాగార్డెన్స్‌లో, రెండో అంతస్తులో. ఏదో కంపెనీ అనుకుని వెళ్తే అది ఉద్యోగాలు చూపించే కన్సల్టెన్సీ. నా బయోడేటా అటూ ఇటూ తిప్పిన అమ్మాయి, "చాలా బాగుందండి, 3,000 రిజిస్ట్రేషన్ కడితే మూడు చోట్ల ఇంటర్వ్యూలు వేయిస్తాం" అంది. ఏ కంపెనీలని అడిగితే, కట్టాక చెబుతామంది. ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇవ్వాలి గానీ మన దగ్గర వసూలు చేయడం ఏమిటని రాత్రి నాన్న నవ్వారు. నాన్న షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యారు. జీవితంలో ఆయన వెళ్లిన ఇంటర్వ్యూ ఒక్కటే. నేను మాత్రం ఆ కన్సల్టెన్సీకి పుస్తకంలో ఒకటో నంబరు వేసేశాను. నా లెక్క తప్పింది అక్కడే.

రెండోది మా గాజువాక ఆటోనగర్‌లోనే, ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. యజమాని నన్ను మూడు ప్రశ్నలు అడిగారు. ఇల్లెక్కడ, జీతం ఎంత కావాలి, పెళ్లెప్పుడు. ఈ మూడో ప్రశ్న గురించి కాస్త చెప్పాలి. 17 చోట్లకు వెళ్తే తొమ్మిది చోట్ల అడిగారు. మొదట్లో "ఇంకా అనుకోలేదండి" అని నసిగేదాన్ని. తర్వాత్తర్వాత "మీరు ఉద్యోగం ఇస్తే ఇంట్లో అనుకుంటారండి" అనడం నేర్చుకున్నాను. నవ్వి వదిలేసేవారు. మా తమ్ముడికి ఈ జవాబు చెప్పలేదు, వాడికి దానితో పని పడదు.

మూడోది ఒక పెద్ద ఆసుపత్రిలో అకౌంట్స్ విభాగం. అక్కడ పద్ధతిగా జరిగింది. ముందు హెచ్ఆర్ ఆవిడ, తర్వాత ఫైనాన్స్ మేనేజరు. బీమా కంపెనీల నుంచి రావలసిన బిల్లులు నెలల తరబడి ఆగిపోతే వాటిని ఎలా వెంటాడతావని అడిగారు. ఆడిటర్ గారి దగ్గర రెండు నర్సింగ్ హోముల లెక్కలు చూశాను కాబట్టి చెప్పగలిగాను. "వారంలో ఫోన్ చేస్తాం" అన్నారు. వారం పోయాక నేనే చేశాను. పరిశీలనలో ఉందన్నారు. ఇంకో వారానికి ఫోను ఎత్తడం మానేశారు. అనామతు ఖాతాలో మొదటి పద్దు అదే.

నాలుగు, ఐదు గురించి చెప్పడానికి ఏమీ లేదు. జీతం దగ్గర ఆగిపోయాయి. ఆరోది హైవే మీద ఒక కార్ల షోరూము. ఎదురుగదిలో కంప్యూటర్ ముందు ఒక కుర్రాడు అప్పటికే లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ తెరిచి కూర్చుని ఉన్నాడు. నన్ను ఏడెనిమిది నిమిషాలు మర్యాదగా మాట్లాడించి పంపేశారు. బయటికి వస్తుంటే రిసెప్షన్‌లో ఉన్న అక్క, పాపం, నా ముఖం చూసి మెల్లగా చెప్పింది. ఆ పోస్టుకు ఆ అబ్బాయిని పోయిన వారమే తీసుకున్నారట. హెడ్డాఫీసుకు పంపే కాగితంలో ముగ్గురి పేర్లైనా ఉండాలని ఇద్దరిని పిలిచారట. అంటే నేను ఆ రోజు ఉద్యోగానికి కాదు, గడి నింపడానికి వెళ్లానన్నమాట. మండుటెండలో ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దాకా ఆటోకు పోసిన డబ్బు తలుచుకుని ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఎనిమిదోది రుషికొండ ఐటీ కొండ మీద. విదేశీ కంపెనీలకు లెక్కలు రాసిపెట్టే సంస్థ. జీతం 22,000 అనగానే మా ఇంట్లో అందరికీ ఉత్సాహం వచ్చింది. కాంప్లెక్సులో 900కె బస్సెక్కి సముద్రం పక్కనే వెళ్తుంటే, రోజూ ఈ దారిన వస్తాను కదా అని అప్పుడే కిటికీ పక్క సీటు ఖాయం చేసుకున్నాను. ఒకే రోజున నాలుగు రౌండ్లు. ఎక్సెల్ పరీక్ష బాగా రాశాను. హెచ్ఆర్ రౌండు గట్టెక్కాను. మూడోది ఫోనులో ఇంగ్లీషు మాట్లాడించే రౌండు. ఒక సరఫరాదారు తన బిల్లు ఎందుకు ఆగిందని అడిగితే జవాబు చెప్పాలి. జవాబు నాకు తెలుసు. కొనుగోలు ఆర్డరులో ఉన్న సంఖ్య, సరుకు అందిన రసీదులో ఉన్న సంఖ్య, బిల్లులో ఉన్న సంఖ్య మూడూ కలవాలి, కలవకపోతే చెల్లింపు ఆగుతుంది. తెలుగులో అయితే నిద్రలో లేపినా చెప్పేదాన్ని. ఇంగ్లీషులో నీళ్లు నమిలాను. అవతలి అమ్మాయి ఓపిగ్గా రెండుసార్లు అడిగి థాంక్యూ చెప్పేసింది. నాలుగో రౌండు నాకు లేదు. తిరుగు బస్సులో సముద్రం వైపు కూర్చోలేదు. ఆ తర్వాత బయోడేటాలోంచి తెలుగు మీడియం అన్న మాట తీసేశాను.

దీపావళి నాటికి పది పూర్తయ్యాయి. పంపిన దరఖాస్తులు 40 దాటాయి. బస్సులకు, ఆటోలకు, జెరాక్సులకు 1,460 రూపాయలు ఖర్చు. అమ్మ సంపత్ వినాయకుడికి కొబ్బరికాయ మొక్కింది. పిన్ని ఫోన్ చేసి ఎవరి కూతురికో రెండో ఇంటర్వ్యూకే వచ్చిందని చెప్పింది. ఇలాంటి కబురు చెప్పడానికి ఫోన్ చేసేవాళ్లు ప్రతి ఇంటికీ ఒకరుంటారు.

ఆ సాయంత్రం డాబా మీద దీపాలు కొండెక్కాక, పుస్తకం తెరిచి ఫలితం గడి వదిలేసి, ఏమడిగారు అన్న గడిని పైనుంచి కిందికి చదివాను. ఇల్లెక్కడ. బండి ఉందా. పెళ్లి. జీతం. గాజువాక నుంచి మధురవాడకు రోజూ ఎలా వస్తావు. మళ్లీ జీతం. పది వరుసల్లో పని గురించి అడిగినవి మూడే ఉన్నాయి. ఆసుపత్రి, రుషికొండ, ఇంకొకటి సీఫుడ్ ఎగుమతుల కంపెనీ. సీఫుడ్ వాళ్లు కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని చూపే జీఎస్టీఆర్ 2ఏ, 2బి పత్రాలకు తేడా అడిగారు. సరఫరాదారులు రిటర్ను వేసిన కొద్దీ 2ఏ మారుతూ ఉంటుంది, 2బి మాత్రం నెలకోసారి 14న తయారై అలాగే నిలిచిపోతుంది అని అప్పటి పద్ధతి చెప్పాను. అక్కడ నాకన్నా అనుభవం ఉన్న ఆయనకు ఇచ్చారు. ఓడిపోయినా ఆ ఓటమి నాకు అర్థమైంది.

మిగతా ఏడూ అసలు ఇంటర్వ్యూలేనా? ఒకటి బేరం, ఒకటి గడి నింపడం, మిగతావి అకౌంటెంటు ఇప్పుడు ఎంతకు వస్తున్నాడో బజారు ధర కనుక్కోవడం. పదిసార్లు నన్ను కాదన్నారని మూడు నెలలుగా కుమిలిపోతున్నాను. పుస్తకం చూస్తే నా పనిని తూచి చూసినవాళ్లే ముగ్గురు. మిగతావాళ్లు కాదనేంత దూరం కూడా రాలేదు.

దాని తర్వాత నేను మార్చుకున్నవి రెండే. ఎక్కడికెళ్లినా మొదటి పది నిమిషాల్లో "ఈ పోస్టులో ఇంతకు ముందు ఎవరుండేవారండి, ఎందుకు మానేశారు?" అని నేనే అడగడం మొదలుపెట్టాను. నిజంగా మనిషి కావాల్సినవాళ్లు దానికి జవాబు చెబుతారు, కొందరు పాత అకౌంటెంటు మీద చాడీలు కూడా చెబుతారు. మనిషి అవసరం లేనివాళ్లు మాట మారుస్తారు. రెండోది, ఆడిటర్ గారి దగ్గర చేసిన బ్యాంకు రీకన్సిలియేషన్ (మన పుస్తకంలో లెక్కను బ్యాంకు లెక్కతో సరిచూడటం) నమూనా ఒకటి, పార్టీల పేర్లు, అంకెలు మార్చేసి, ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకున్నాను. పని గురించి వాళ్లు అడగకపోతే నేనే బల్ల మీద పెట్టేదాన్ని.

పదకొండోది మధురవాడలో ఒక నిర్మాణ సంస్థ. డిసెంబరు 5న రమ్మన్నారు. మిగ్‌జాం తుపాను ఆ రోజే బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇక్కడ ముందు రోజు నుంచే వాన. ఫోన్ చేసి రావాలా వద్దా అని అడిగితే, "ఆఫీసు ఉంటుందండి" అన్నారు. హనుమంతువాక దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో, గొడుగు రెండుసార్లు తిరగబడింది. తీరా వెళ్తే షట్టరు దించి ఉంది. వాచ్‌మన్ కుర్చీ లోపలికి లాక్కుని టీ తాగుతున్నాడు. "ఇవాళ ఎవరూ రారమ్మా, మీకు చెప్పలేదా?" అన్నాడు. సగం టీ నాకు పోశాడు. సర్టిఫికెట్లు మాత్రం తడవలేదు, నాన్న వాటిని రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి ఇచ్చారు. మళ్లీ రమ్మని ఎవరూ పిలవలేదు. దానికి కూడా నంబరు వేశాను, అంత దూరం తడిసి వెళ్లినందుకు.

పన్నెండోది డిసెంబరు 14, మార్గశిరంలో మొదటి గురువారం. వన్‌టౌన్‌లో కస్టమ్స్ క్లియరింగ్, అంటే పార్టీల తరఫున సుంకం కట్టి పోర్టులో సరుకు విడిపించే పని చేసే ఆఫీసు. ఆ రోజు బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి ఊరంతా కదులుతుందని విశాఖలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. అమ్మ ఎలాగూ వెళ్తుంది కాబట్టి ఇద్దరం పొద్దున్నే బయల్దేరాం. సింధియా, మల్కాపురం మీదుగా వచ్చే బస్సు కిక్కిరిసి ఉంది. ఎవరి చేతిలో చూసినా పసుపు, కుంకుమ, పాల ప్యాకెట్లు. పాత పోస్టాఫీసు దగ్గర దిగేసరికి దారులు మూసేశారు. అక్కడి నుంచి నడకే. అమ్మ వరుసలో నిలబడుతూ, నా నుదుటన ఇంత బొట్టు పెట్టింది. ఆ చేత్తోనే భుజం తట్టింది. ఇంటర్వ్యూ కోసం ఉతికి ఇస్త్రీ చేసుకున్న తెల్ల కుర్తా మీద ఐదు వేళ్ల పసుపు.

ఆఫీసు పాతకాలపు మేడ. చెక్క మెట్లు, ఎత్తయిన పైకప్పు, గోడ పొడవునా ఎర్ర దారంతో కట్టిన ఫైళ్లు. లోపల 65 ఏళ్లు దాటిన పెద్దాయన, మెడలో దారానికి వేలాడే కళ్లజోడు. నా భుజం మీది పసుపు చూసి, "దర్శనం అయిందా అమ్మా?" అన్నారు. అమ్మ వరుసలో ఉందని చెప్పాను. బయోడేటా పక్కన పెట్టేసి, సొరుగులోంచి నాలుగు కాగితాలు, ఒక పాత ఆవర్జా, అదే లెడ్జరు, తీసి ముందు పెట్టారు. పెన్సిలుతో రాసిన అంకణా. ఇరవై పైగా పద్దులు. డెబిట్ మొత్తం క్రెడిట్ కన్నా 360 రూపాయలు ఎక్కువ వస్తోంది. "అరగంట ఇస్తాను. క్యాలిక్యులేటర్ ఉంది. కంప్యూటర్ లేదు" అని పక్కగదిలోకి వెళ్లారు.

ముందు రెండు వైపులా మళ్లీ కూడి చూశాను. కూడికలో తప్పు లేదు. తర్వాత 360లో సగం, 180. ఒక పద్దును పొరపాటున అవతలి వైపు వేస్తే తేడా దానికి రెట్టింపు వస్తుంది కాబట్టి, 180 ఉన్న పద్దు కోసం వెతికాను. లేదు. అప్పుడు తొమ్మిదితో భాగించాను. సరిగ్గా 40. శేషం లేదు. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగం పోతుంది. 360 అంటే నాలుగు తొంభైలు. వందల స్థానంలో, పదుల స్థానంలో ఉన్న అంకెల మధ్య నాలుగు తేడా ఉండాలి. డెబిట్ ఎక్కువైంది కాబట్టి ఆ వైపు చూస్తే వందల అంకే పెద్దదై ఉండాలి. అలాంటివి మూడు దొరికాయి. 7,510. 9,730. 2,840. ఆవర్జాలో మొదటి రెండూ సరిగ్గానే ఉన్నాయి. మూడోది లారీ కిరాయి. ఆవర్జాలో 2,480, అంకణాలో 2,840.

నాకు ఒక అలవాటుంది, లెక్క చేస్తుంటే పైకి గొణుగుతాను. "ఈ అంకణా ఇప్పుడు కలవకపోతే అనామతులో పెట్టడమే" అని ఏ మధ్యలోనో అన్నట్టున్నాను. పెద్దాయన గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఏమన్నావు?"

భయపడ్డాను. "ఏమీ లేదు సార్. తేడా దొరికింది, లారీ కిరాయి."

"అది సరేనమ్మా. అనామతు అన్నావు కదా. ఏ మీడియం?"

బయోడేటాలోంచి తీసేసిన మాట అది. చెప్పక తప్పలేదు. "ఇంటర్ తెలుగు మీడియం సార్."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తానూ తెలుగులోనే చదివానని, ఆ మాట విని ముప్పై ఏళ్లు దాటిందని, తర్వాత వచ్చినవాళ్లందరూ సస్పెన్స్ అనేవాళ్లేనని చెప్పి, "ఆవర్జాను ఆవర్జా అనేవాళ్లు కూడా ఎవరూ లేరు" అని నవ్వారు. అక్కడి నుంచి గంటకు పైగా అన్నీ పని మాటలే. లారీ వాళ్లకు డబ్బు ఇచ్చేటప్పుడే పన్ను పట్టుకుంటావా, అంటే టీడీఎస్ కోస్తావా అని అడిగారు. పదికి మించి లారీలు లేవని రాసిచ్చి, పాన్ నంబరు ఇస్తే కోయక్కర్లేదని, లేకపోతే అప్పటి ఆదాయపు పన్ను చట్టం 194సి సెక్షను ప్రకారం కోయాలని చెప్పాను. కోసింది ఎప్పటిలోగా కట్టాలి అంటే, మరుసటి నెల 7 అన్నాను. తర్వాత ఒక ప్రశ్న దగ్గర దొరికిపోయాను. పార్టీ తరఫున మనం కట్టిన కస్టమ్స్ సుంకం, పోర్టు చార్జీలు మన బిల్లులో చూపిస్తాం కదా, వాటి మీద మనం జీఎస్టీ వేయాలా? "తెలియదు సార్" అన్నాను. పది ఇంటర్వ్యూల క్రితమైతే ఏదో ఒకటి కల్పించి చెప్పేదాన్ని. ఆయన ఆ పెన్సిలుతోనే అంకణా వెనక వైపు బిల్లు గీసి చూపించారు. పార్టీ అనుమతితో, ఖర్చైన రూపాయికి రూపాయి, విడిగా చూపించి వసూలు చేస్తే మనం ప్యూర్ ఏజెంటు అవుతాం, ఆ మొత్తం మీద పన్ను పడదు, మన సర్వీసు చార్జీ మీదే పడుతుంది. పాఠం చెప్పడం పూర్తయ్యాక కళ్లజోడు తీసి, "సరేనమ్మా. మేమే ఫోన్ చేస్తాం" అన్నారు.

మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చింది. ఇంత మాట్లాడి చివరికి ఆ మాటేనా. కింద అమ్మ అరుగు మీద కూర్చుని పులిహోర పొట్లం విప్పుతోంది. "ఏమన్నారే?" అంది. "ఫోన్ చేస్తారట." అమ్మ ఏమీ అనలేదు, పొట్లం నా వైపు జరిపింది. ఆ రాత్రి పుస్తకంలో ఏమడిగారు గడి చాలక అంచుల్లో కూడా రాశాను. ఫలితం మాత్రం అనామతు, ఐదో పద్దు.

మిగతా ఐదూ త్వరగా చెప్పేస్తాను. పదమూడోది ఒక కాలేజీ అకౌంట్స్ ఆఫీసు, మగవాళ్లే కావాలట, ప్రకటనలో రాయలేదు. పద్నాలుగోది జాబ్ మేళా, రెండు గంటల వరుస, మూడు నిమిషాల మాట. పదిహేనోది తమాషా. ఒక వ్యాపారి నన్ను అప్పటికప్పుడే తీసేసుకున్నారు. జీతం 14,000, రెండేళ్ల బాండు, డిగ్రీ ఒరిజినల్ వాళ్ల బీరువాలో ఉంచాలి. నాన్నతో మాట్లాడి చెబుతానని వచ్చేశాను. "ఒరిజినల్ ఇచ్చాక నువ్వు అక్కడ ఉద్యోగివి కాదు, తాకట్టువి" అన్నారు నాన్న. ఆ మాట వినేదాకా నేను సగం ఒప్పుకునే ఉన్నాను, నిజం చెప్పాలంటే. పదహారు, పదిహేడు మళ్లీ పని అడిగినవే. రెండింటిలోనూ బాగా మాట్లాడాను. పదిహేడోది సంక్రాంతికి వారం ముందు.

పండుగ వెళ్లాక, జనవరి 19 శుక్రవారం ఫోన్ వచ్చింది. "అమ్మా, ఇంకా ఎక్కడా చేరలేదు కదా?" గొంతు గుర్తుపట్టాను, వన్‌టౌన్ పెద్దాయన. ఆయన దాచలేదు. ఆ రోజు పరీక్ష రాసినవాళ్లలో క్లియరింగ్ పని తెలిసిన అబ్బాయి ఒకడుంటే అతన్ని తీసుకున్నారట. జనవరి 1న చేరి పది రోజులకే ఇంకెక్కడికో వెళ్లిపోయాడట. "నీది రెండో పేరు. 19,000 ఇస్తారు, పీఎఫ్ ఉంది. ఒకటో తారీఖు నుంచి రాగలవా?" వస్తానన్నాను. ఇరవై అడగాలని నెలలుగా అద్దం ముందు సాధన చేసిన మాట ఆ క్షణాన నోట రాలేదు. ఇప్పటికీ నాకు ఆ ఒక్కటే చిన్న గుచ్చుడు.

ఇదంతా విన్నాక మా తమ్ముడు పుస్తకం తన వైపు తిప్పుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వెళ్లిన చోట్లు 17. ఉద్యోగం వచ్చింది పన్నెండో దాని నుంచి. "కానీ అక్కా, మొదటి ఆఫర్ పదిహేనోది కదా, నువ్వు వద్దన్నావు గానీ." అదీ నిజమే. తుపాను రోజుది, కన్సల్టెన్సీది తీసేస్తే 15. రౌండ్లన్నీ విడివిడిగా లెక్కపెడితే 25. పని గురించి అడిగినవి మాత్రం ఆరు, ఆసుపత్రి, రుషికొండ, సీఫుడ్, వన్‌టౌన్, చివరి రెండు. ఆరింటిలో నాలుగోదానికి వచ్చింది. "నాలుగంటే బాగానే ఉంది" అన్నాడు వాడు, ఆ అంకె తనకు నచ్చినట్టు. నాలుగు దొరకడానికి పన్నెండు తిరగాలిరా అన్నాను. మళ్లీ, ఆ అబ్బాయి పది రోజులకే మానేయకపోయి ఉంటే ఈ లెక్కలో ఏదీ నిలబడదు. చివరి రెండింటిలో ఏదో ఒకటి వచ్చి ఉండేదేమో. లేదా ఇంకో పది తిరిగి ఉండేదాన్నేమో. వాడు గారెల పళ్లెం మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు.

పుస్తకంలో ఆఖరి పేజీ మార్చి 31, 2024. ఆదివారమైనా ఏడాది ముగింపు కదా, ఆఫీసు తెరిచే ఉంది. ఆఫీసు లెక్కలు సర్దుతుంటే నా సొంత లెక్క గుర్తొచ్చింది. అనామతు ఖాతాను ఏడాది చివర అలా తెరిచి ఉంచడం లెక్కలు రాసేవాళ్లకు సిగ్గు. ఫోన్ చేస్తామని చేయనివాళ్లు ఇంకా నలుగురు ఉన్నారు. మధ్యాహ్నం క్యారియరు తింటూ, ఆ నాలుగింటినీ రాని బాకీల కింద రాసి, కింద రెండు గీతలు గీశాను.

ఏప్రిల్ రెండో వారంలో తెలియని నంబరు నుంచి ఫోన్. పోయిన ఆగస్టులో నేను వెళ్లిన ఆసుపత్రి. మూడో నంబరు, అనామతులో మొదటి పద్దు. "మీ ప్రొఫైల్ పరిశీలించామండి, ఈ వారం ఒకసారి రాగలరా?" అంది ఆవిడ. ఎనిమిది నెలలైంది. మర్యాదగా, వేరేచోట చేరానని చెప్పి పెట్టేశాను. పక్క బల్ల దగ్గర పెద్దాయన వోచర్లు చూస్తున్నారు.

"సార్, రాని బాకీ కింద కొట్టేసింది మళ్లీ వసూలైతే ఎక్కడ చూపిస్తాం?"

"లాభనష్టాల ఖాతాలో, క్రెడిట్ వైపు" అన్నారు తలెత్తకుండానే. "ఎందుకమ్మా, ఏ పార్టీ కట్టింది?"